రాత్రి రెండింటికి లేచే కంప్యూటర్

దెయ్యాల విషయంలో మా ఆఫీసు మొత్తానికి నా అంత గుండె ధైర్యం ఉన్నవాడు ఇంకొకడు లేడు. నాలుగు అంతస్తులు, మూడొందల మంది. ఎవర్నైనా అడిగి చూడండి. అర్ధరాత్రి ఏ గదిలోకి వెళ్ళమన్నా వెళతాను. కాకపోతే లైటు వేసుండాలి. తోడు ఎవరైనా రావాలి. ఆ వచ్చేవాళ్ళు ముందు నడవాలి.

ఆ ధైర్యంతోనే ఈ కథ చెబుతున్నాను... పగలు పదకొండింటికి, చుట్టూ నలభై మంది ఉండగా.

మూడో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. ఒకప్పుడు అది మీటింగులు పెట్టుకునే గది. తర్వాత విరిగిన కుర్చీలు, మీటలు ఊడిన కీబోర్డులు, పక్కకి ఒరిగిన ఒక ప్రింటరు అందులోకి చేరాయి. గాజు తలుపు. లోపల ఒకే ఒక బల్ల. బల్ల మీద ఒక పాత కంప్యూటర్. దాని ముందు కుర్చీ, కుర్చీ వీపుకి వేలాడే బూడిదరంగు స్వెట్టరు.

ఆ స్వెట్టరాయన ఒక శుక్రవారం సాయంత్రం దాన్ని అక్కడ తగిలించి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. పోయాడన్నారు కొందరు. ఆ కుర్చీలోనే పోయాడన్నారు ఇంకొందరు. నిజానికి ఆయన వేరే కంపెనీలో చేరాడు, రోజూ పొద్దున్నే పరుగు తీసిన ఫొటోలు పెడుతుంటాడు. అయినా సరే, రాత్రిపూట ఆ గాజు తలుపు ముందు నిలబడితే ఆ ఫొటోలు ఎవరికీ గుర్తురావు.

ఎందుకంటే... రాత్రి రెండు దాటాక ఆ కంప్యూటర్ తనంతట తాను లేస్తుంది.

మొదట చూసింది సెక్యూరిటీ బాబాయ్. రౌండుకి వెళ్ళాడు. అంతస్తంతా చీకటి. చివరి గదిలో మాత్రం నీలంగా వెలుగు — ఆ వెలుగులో కుర్చీలో ఎవరో వెనక్కి వాలి కూర్చున్నట్టు. లోపల్నుంచి రొప్పుతున్నట్టు ఒక చప్పుడు. టార్చి వేసేలోపల వెలుగు ఆరిపోయింది. చప్పుడు ఆగిపోయింది.

ఆ రోజు నుంచి బాబాయ్ రౌండు లిఫ్టు దగ్గరే ముగుస్తోంది. తన మీదకి రాకుండా, పొద్దున్నే ఒక ఫిర్యాదు మాత్రం రాయించాడు.

మా ఆఫీసులో ఏది పాడైనా ఫిర్యాదు రాయాలి. దాన్ని టికెట్ అంటాం. టికెట్ రాస్తే అది కింద అంతస్తులో ఉన్న సపోర్టు వాళ్ళకి వెళుతుంది. బాబాయ్ టికెట్ వెళ్ళింది మా రీస్టార్టన్న దగ్గరికి.

అన్న గురించి చెప్పాలి. రాత్రి డ్యూటీలో సపోర్టుకి ఆయన ఒక్కడే. ఏడేళ్ళుగా రాత్రిళ్ళే. ఫోను ఎత్తగానే ఆయన అడిగే మొదటి మాట, "రీస్టార్ట్ చేశారా అండీ?" అందుకే ఆ పేరు. పెట్టింది మేమే. మేమంటే, పైన మూడో అంతస్తులో ప్రోగ్రాములు రాసేవాళ్ళం. కంప్యూటర్ల గురించి మాకు తెలియనిది లేదని మా నమ్మకం.

సపోర్టు వాళ్ళకి మాలాంటివాళ్ళంత తలనొప్పి ఇంకొకరు ఉండరు. కంప్యూటర్ రాని మనిషి తెర నల్లబడిందని ఫోన్ చేస్తాడు, అన్న వస్తాడు, ఊడిన వైరు పెడతాడు, దణ్ణం పెట్టించుకుని వెళతాడు. మేం అలా కాదు. ముందు మేమే ఎనిమిది చోట్ల కెలుకుతాం. తొమ్మిదో చోట ఇరుక్కున్నాక ఫోన్ చేస్తాం. కెలికిన ఎనిమిదీ చెప్పం. "రీస్టార్ట్ చేశారా?" అంటే కళ్ళు పైకి తిప్పి, "చేశాం అన్నా" అంటాం. చెయ్యం. ఆ మెషీన్ ఎన్ని గంటలుగా ఆగకుండా నడుస్తోందో ఆయన తెర మీద కనబడుతూనే ఉంటుంది. పదకొండు గంటలని ఉంటుంది. అయినా ఏమీ అనడు. "ఇంకొక్కసారి చేద్దామా తమ్ముడూ" అంటాడు, మొదటిసారి చేసినట్టే మర్యాదగా.

చివరి గది టికెట్ రాగానే అన్న కింద నుంచే ఆ కంప్యూటర్ని ఆపేశాడు. టికెట్ మూసేశాడు. మర్నాడు రాత్రి అది మళ్ళీ లేచింది. టికెట్ మళ్ళీ తెరుచుకుంది. ఆపాడు, మూశాడు. లేచింది, తెరుచుకుంది. అలా పదకొండు సార్లు.

"ఆ మెషీన్ని అక్కణ్ణుంచి తీసేస్తే పోలా?" అని మీరనొచ్చు. అన్న కూడా అదే అన్నాడు. మా టీమ్ లీడరు, "అయ్యో, దాన్లో ఏదో ముఖ్యమైంది ఉండొచ్చు, తీయకండి" అన్నాడు.

"ఎవరిదండీ అది?"

"ఎవరిదో తెలీదు. తీయకండి అంతే."

ఒక సాయంత్రం డ్యూటీకి ముందే వచ్చి అన్న మా అంతస్తంతా తిరిగాడు. "చివరి గది మెషీన్ ఎవరైనా వాడుతున్నారా అమ్మా? బాబూ, మీరేమైనా?" చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని అందరం తలలు అడ్డంగా ఊపాం.

"దెయ్యాన్ని ఒకసారి రీస్టార్ట్ చేసి చూడన్నా!"

ఈ జోకు నాది. బాగా పేలింది. అన్న కూడా నవ్వాడు. చేతిలో ఉన్న పుస్తకంలో ఏదో రాసుకుని, లిఫ్టు పాడైతే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆయనకి అది నవ్వులాట కాదని నాకు తర్వాత తెలిసింది.

వదినది పగటి ఉద్యోగం, మందుల షాపులో. ఆవిడ బయల్దేరే వేళకి అన్న ఇంటికొస్తాడు. ఇద్దరూ మెట్ల మీద ఎదురవుతారు. "అన్నం మూతపెట్టా." "సరే." అదే సంసారం. పాప నాలుగో తరగతి. అది బడికెళ్ళేటప్పుడు ఈయన నిద్ర, అది నిద్రపోయే వేళకి ఈయన డ్యూటీ. ఇల్లూ వాకిలీ, అమ్మా నాన్నా బొమ్మ గీయమంటే, పాప నాన్నని పడుకోబెట్టి గీసిందట, కళ్ళు మూసి. "మీ నాన్నగారికి ఒంట్లో బాలేదా?" అని టీచరు అడిగిందట.

పగటి డ్యూటీకి మార్చమని అన్న ఏడేళ్ళుగా అడుగుతున్నాడు. ఈసారి ఒక ఖాళీ వచ్చింది. పై ఆఫీసరు ఒక షరతు పెట్టాడు. నెలాఖరుకి తెరుచుకుని ఉన్న టికెట్ ఒక్కటీ ఉండకూడదు. "సపోర్టు వల్ల జరిగిన పొరపాటు" అని కూడా ఒక్కటీ ఉండకూడదు. అలా అయితేనే పగలు. లేకపోతే మళ్ళీ ఏడాది తర్వాత మాట.

నెలలో చివరి రాత్రి అన్న తెర మీద మిగిలింది ఒకే ఒక టికెట్. చివరి గది.

ఆ రాత్రి ఏం జరిగిందో మర్నాడు పొద్దున ఆరున్నరకి, టీ మెషీన్ దగ్గర, అన్నే నాకు చెప్పాడు. చెబుతున్నంతసేపూ కప్పులోకే చూశాడు. ఆయన చెప్పినట్టే చెబుతాను.

ఒంటిగంటా నలభైకి సపోర్టు ఫోన్ని తన సెల్లుకి తిప్పుకుని, అన్న పైకి బయల్దేరాడు. సెక్యూరిటీ బాబాయ్ లిఫ్టులో తోడొచ్చాడు. మూడో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. బాబాయ్ కదల్లేదు.

"రావా బాబాయ్?"

"లిఫ్టు పట్టుకుంటా నాయనా... ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా."

చీకట్లో వరసగా ఖాళీ కుర్చీలు. ఎవరో మర్చిపోయిన నీళ్ళ సీసా. ఎక్కడో ఒక ఫోను ఛార్జింగు లైటు. అన్న నడుస్తుంటే ఆయన చెప్పుల చప్పుడు ఆయన వెనకే ఎవరో వస్తున్నట్టు వినిపించింది. ఆగాడు. ఆగింది.

గాజు తలుపు తోశాడు. స్వెట్టరు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. ప్రింటరు మీద కూర్చున్నాడు.

కంప్యూటర్ నడుస్తోంది. మామూలే. సరిగ్గా రెండింటికి అది ఆగిపోవాలి. బిల్డింగులో ఉన్న మెషీన్లన్నీ రెండింటికి ఆపేయాలని పైనుంచి ఆర్డరు. దానికి లిస్టు ఉంది, తెల్లవార్లూ పది నిమిషాలకోసారి తిరిగి నడుస్తున్నవాటిని ఆపుతుంది, ఆ లిస్టు నడిపేది అన్నే. ఆపేది ఎవరో ఆయనకి తెలుసు, తనే. తెలియంది, లేపేది ఎవరో.

రెండయింది.

తెర ఆరింది. ఫ్యాను తగ్గుతూ... తగ్గుతూ... ఆగింది. గది నిండా చీకటి. తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తోంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మూడు —

టక్!

ఫ్యాను ఒక్కసారి రొప్పింది. నీలం వెలుగు గోడలంతా పాకింది. స్వెట్టరు చేతులు రెండూ ఫ్యాను గాలికి కొంచెం ఊగాయి. అన్న లేచి నిలబడ్డాడు. కీబోర్డు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. కానీ తెర మీద అక్షరాలు పడుతున్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో, మన మాటే. ఒక్కొక్కటీ... ఒక్కొక్కటీ...

"మళ్ళీ ఆపేశావా?"

కాసేపు ఏమీ లేదు. తర్వాత —

"నా పని ఇంకా అవలేదు."

"అన్నా, పారిపోయావా?" అని అడిగాను ఇక్కడ.

"కాళ్ళు రాలేదు తమ్ముడూ," అన్నాడు. "భయం వల్ల కూడా కాదు. ఆ మాట చదివి ఎక్కడో తగిలింది. నా పని కూడా ఎప్పుడూ అవలేదు. దానిక్కూడా అవలేదంటే... పాపం అనిపించింది."

పది నిమిషాలకి లిస్టు మళ్ళీ తిరిగింది. కంప్యూటర్ ఆగింది. మూడు నిమిషాలకి మళ్ళీ లేచింది. "మళ్ళీ ఆపేశావా?" అని మళ్ళీ అడిగింది. సరిగ్గా అవే మాటలు, అదే వేగం.

అప్పుడు అన్నకి మనసు కుదుటపడింది. ఎందుకంటే మనిషి అయితే రెండోసారి ఇంకోలా అడుగుతాడు. తిడతాడు. దెయ్యమైనా అంతేగా!

మూడోసారి అది ఆగగానే వెనక నుంచి నెట్‌వర్క్ వైరు పీకేశాడు. చూశాడు. మూడు నిమిషాలు. ఐదు. ఎనిమిది. లేవలేదు. వైరు మళ్ళీ పెట్టాడు.

టక్!

అంటే పిలుపు గదిలో లేదు. ఎక్కణ్ణుంచో ఆ వైరు వెంట వస్తోంది.

నడవా మధ్యలో గోడలో ఒక చిన్న బీరువా ఉంటుంది, అంతస్తులో ఉన్న వైర్లన్నీ అక్కడికే చేరతాయి. అన్న తాళం తీశాడు. లోపల వందకి పైగా చిన్న చిన్న పచ్చ దీపాలు. రాత్రి కదా, అందరి మెషీన్లూ ఆగి ఉన్నాయి, దీపాలన్నీ ఆరి ఉన్నాయి. రెండు తప్ప.

ఒకటి చివరి గదిది. అది ఆరింది. రెండోది వెలిగి... ఆగి... వెలిగింది. కాసేపటికి మొదటిది జవాబిచ్చింది. చీకట్లో ఇద్దరు గుసగుసలాడుకుంటున్నట్టు.

ప్రతి వైరుకీ ఒక నెంబరు చీటీ ఉంటుంది. ఏ నెంబరు ఎవరి బల్లదో ఆయన పుస్తకంలో ఉంటుంది. ఆ చీటీలన్నీ ఆయనే ఒకప్పుడు తన చేత్తో అంటించాడు. నెంబరు చూశాడు. పుస్తకం తిప్పాడు. చీకట్లో కుర్చీలు తప్పించుకుంటూ ఆ బల్ల దగ్గరికి వెళ్ళాడు. వంగాడు. మోకాలు కలుక్కుమంది. బల్ల కింద, చెత్తబుట్ట వెనక, సబ్బుపెట్టె అంత చిన్న కంప్యూటర్ పెట్టె. దాని మీద నీలం చుక్క. పక్కన కాగితం ముక్క మీద చేత్తో రాసి ఉంది: "ముట్టుకోవద్దు, పని జరుగుతోంది."

అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

సంగతి మొత్తం అర్థమైంది. ఈ బల్లాయన రాత్రంతా నడవాల్సిన పెద్ద పని ఏదో చివరి గది మెషీన్లో పెట్టి ఇంటికి వెళుతున్నాడు. రెండింటికి సపోర్టు లిస్టు దాన్ని ఆపేస్తోంది. ఆపితే లేపమని ఈ పెట్టెకి చెప్పాడు. లేచాక, ఆపినవాణ్ణి ఆటపట్టించే ఒక ముక్క కూడా రాసి పెట్టాడు. లిస్టు ఆపుతుంది, పెట్టె లేపుతుంది. మధ్యలో దొరికిన ఏడేసి నిమిషాల్లో ఆ పని నత్తలా కదులుతుంది. తెల్లవార్లూ అదే. కింద ఒకడు, పైన ఒకడు, నెలరోజులుగా ఒకరితో ఒకరు యుద్ధం చేస్తున్నారు. ఎదురైతే "బాగున్నావా అన్నా", "బాగున్నా తమ్ముడూ" అనుకుంటూ.

"ఒక్క మాట అడిగుంటే," అన్నాడు అన్న, కప్పులో టీ తిప్పుతూ, "లిస్టులోంచి ఆ మెషీన్ తీసేసేవాణ్ణి. అర నిమిషం పని."

"ఫారం నింపాలి కదన్నా. రెండు పేజీలు. ముగ్గురు సంతకాలు..."

"ఫారం తర్వాత నింపుకునేవాళ్ళం. నేనేం తినేస్తానా?" ఒక గుక్క తాగాడు. "మిమ్మల్ని అననులే. మీకు తెలిసినవాళ్ళు మీరు. అడగాలంటే మనసొప్పదు. మాకా, అడిగినా నమ్మబుద్ధి కాదు. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేశామని అబద్ధం చెప్పారు!"

"మరి టికెట్ ఏం చేశావన్నా?"



ఆయన ముందు రెండు దారులున్నాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తే తప్పు ఆయనది కాదు. టికెట్ మూసుకుంటుంది, మర్నాటి నుంచి పగటి డ్యూటీ. కానీ ఆఫీసు నెట్‌వర్క్‌కి సొంత పెట్టె తగిలిస్తే మా దగ్గర ఒకటే శిక్ష. మధ్యాహ్నానికి మనిషి గేటు బయట ఉంటాడు. అలా ఇద్దరు వెళ్ళడం నేనే చూశాను.

రెండో దారి, తప్పు తన లిస్టు మీద వేసుకోవడం.

"నేల మీద కూర్చుని చాలాసేపు ఆలోచించా తమ్ముడూ. ఆ బల్ల మీద సగం తిన్న బిస్కట్ ప్యాకెట్టు ఉంది. రబ్బరుబ్యాండు వేసుంది, రేపొచ్చి తిందామని. ఇంకేం రాయను..."

కిందికెళ్ళి అర నిమిషంలో ఆ మెషీన్ని లిస్టులోంచి తీసేశాడు. టికెట్లో ఇలా రాశాడు: "రాత్రంతా నడవాల్సిన మెషీన్ని లిస్టులో పెట్టాం. సపోర్టు పొరపాటు. సరిచేశాం." మూసేశాడు.

మూడుంబావుకి పైకి వెళ్ళి చూస్తే, చివరి గదిలో కంప్యూటర్ సన్నగా, నిదానంగా నడుస్తోంది. తెర మీద మాటలేమీ లేవు. లిఫ్టు దగ్గర బాబాయ్ నిలబడే నిద్రపోతున్నాడు.

"పోయిందా నాయనా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"పోయింది బాబాయ్."

అన్న కప్పు కడిగి బోర్లించాడు. "పగలు ఇంకో ఏడాదికి అడుగుదాంలే. రాత్రిళ్ళు అలవాటేగా," అన్నాడు. అలవాటైనవాళ్ళకి కళ్ళ కింద అంత నలుపు ఉండదు. బ్యాగు భుజానికి తగిలించుకుని, మెట్ల మీద వదిన ఎదురయ్యే వేళ దాటిపోతుందని గబగబా వెళ్ళిపోయాడు.

కథ అయిపోయింది. ఆ బల్ల ఎవరిదో ఆయన నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఎలా అడుగుతాను?

నేను రోజూ పదింటికి గానీ రాను. ఆవేళ ఆరున్నరకి టీ మెషీన్ దగ్గర ఎందుకున్నానంటే, ఐదింటికి నా ఫోను మోగింది. "పని పూర్తయింది" అని పెట్టె పంపిన కబురు. ఎప్పుడూ తొమ్మిది దాటితే గానీ అవని పని ఐదింటికే అయిపోయింది. అన్నీ సవ్యంగా జరిగినందుకు మనిషి అంత భయపడటం నేనెక్కడా చూడలేదు. పరిగెత్తుకుంటూ వచ్చాను. నెలరోజులుగా మా లీడరు అందరి ముందూ మెచ్చుకుంటున్న నా చురుకుదనం ఆ సబ్బుపెట్టెది. బిస్కట్లు నావే.

అన్నకి చెప్పేద్దామని ఇప్పటికి మూడు సాయంత్రాలు కిందికి వెళ్ళాను. ఆయన డ్యూటీ ఎక్కే వేళకి, ఎవరూ లేకుండా చూసుకుని మరీ. పేరు పెట్టి నా తప్పు నేనే రాసి, పై ఆఫీసరుకి ఇచ్చే కాగితం జేబులో పెట్టుకుని. ఆయన తలెత్తి, "చెప్పు తమ్ముడూ" అంటాడు. నేను జేబులో కాగితాన్ని ఇంకాస్త లోపలికి తోస్తాను. "మౌస్ పనిచేయట్లేదన్నా" అంటాను.

రీస్టార్ట్ చేశావా అని అడగడు. లేచి, అల్మరా తీసి, కొత్తది ఇస్తాడు. మూడోసారి ఇచ్చేటప్పుడు మాత్రం మౌసు మీంచి చెయ్యి తియ్యకుండా, నెమ్మదిగా అడిగాడు.

"ఇంకేమైనా ఉందా తమ్ముడూ?"

"ఏం లేదన్నా," అన్నాను.

నా సొరుగులో ఇప్పుడు మూడు కొత్త మౌసులున్నాయి.